నెలవారీ మీటింగును మందులాగా పరీక్షించిన కథ

ప్రతి ఏడాదీ ఈ పుస్తకంలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, తిరిగి కట్టింది ఎంత అన్న లెక్కలు ముందు వస్తాయి. ఆ తర్వాత ఫొటోలు. చివర్న ఎవరైనా ఒక వ్యాసం రాస్తారు. ఈసారి ఆ వ్యాసం రాసే పని మా మీద పడింది. ఏం రాద్దామా అని పాత మినిట్స్ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాం. మన మీటింగు తీరు మీ అందరికీ తెలిసిందే. ప్రార్థన, హాజరు, సంతకాలు, పొదుపు వసూలు, అప్పుల వసూలు, కొత్త అప్పులు. ఇంకా ఓపిక మిగిలితే ‘ఇతర అంశాలు’. అప్పటికి సగం మంది పిల్లలు బడి నుంచి వచ్చే వేళైందని లేచి పోయి ఉంటారు. గర్భిణులు, బాలింతలు, పసిబిడ్డల మాట ఎప్పుడొచ్చినా ఆ చివరి వరుసలోనే వచ్చింది.

ఆ చివరి వరుసనే ముందుకు తెచ్చి, దాన్నే అసలు పనిగా పెట్టుకుని, ఆడవాళ్ళ నెలవారీ మీటింగు వల్ల బిడ్డలు బతుకుతారా లేదా అని డాక్టర్లు ఒక కొత్త మందును పరీక్షించినట్టు పరీక్షించిన చరిత్ర ఒకటుంది. బొలీవియాలో మొదలై, నేపాల్ మీదుగా జార్ఖండ్, ఒడిశాల దాకా, అక్కణ్ణుంచి మన తెలంగాణ దాకా వచ్చింది. మనలాంటి పొదుపు సంఘాలే అందులో ఉన్నాయి. అయినా ఆ సంగతి మనలో చాలామందికి తెలీదు. మాకూ తెలీదు, ఇది రాయడానికి కూర్చునేదాకా.

అంతకు ముందు ఒక పాత సంగతి చెప్పాలి. ఆశా చెల్లెలు మనింటికి తెచ్చిచ్చే ఎర్ర మాత్ర ఉంది కదా, ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిపిన మాత్ర. నోరు చేదని, కడుపులో తిప్పుతుందని మన కోడళ్ళు దిండు కింద దాచేసే ఆ మాత్ర వెనకాల పెద్ద కథ ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు ఒక రకం రక్తహీనత వచ్చేది. ప్రాణం మీదికి తెచ్చేది. ఇది ఏదో క్రిమి వల్ల కాదు, తిండిలో ఏదో లోటు వల్ల అని ఆమె పట్టుకుంది. మార్మైట్ అనే ఈస్ట్ సారం తినిపిస్తే వాళ్ళు కోలుకుంటున్నారని 1931లో రాసింది. ఆ సారంలో పనిచేసింది ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది అమెరికాలోని లెడర్లీ కంపెనీ పరిశోధక బృందం. ఆ బృందాన్ని నడిపినవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

గొప్ప పనే. కాదనం. కానీ ఆ కథలో ఆ మిల్లు కూలీ ఆడవాళ్ళు చేసిందేమిటి? రక్తం ఇచ్చారు, పెట్టింది తిన్నారు. వాళ్ళ పేర్లు కూడా ఎక్కడా లేవు. ఏం అడగాలో, ఏం వెతకాలో అన్నీ డాక్టరే నిర్ణయించింది. ఆ రోజుల్లో పరిశోధన అంటే అదే. మనం చెప్పబోయే కథలో మాత్రం ప్రశ్న వేసినవాళ్ళూ, జవాబు వెతికినవాళ్ళూ సంఘంలో చాప మీద కూర్చున్న ఆడవాళ్ళే.

ఆ కథ మొదలైంది దక్షిణ అమెరికాలో, బొలీవియా దేశంలో ఇంకిసివి అనే కొండ ప్రాంతంలో. రోడ్లు లేవు. ఆసుపత్రి చాలా దూరం. కాన్పులు ఇంట్లోనే. 1990లో అక్కడ ‘వార్మి’ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ఐమారా భాషలో వార్మి అంటే ఆడమనిషి. 50 ఊళ్ళలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి, “మీ ఊళ్ళో కాన్పుల్లో ఏం జరుగుతోంది, మీరేం చేయగలరు” అని వాళ్ళనే అడిగారు. ఎవరూ వచ్చి ఉపన్యాసం చెప్పలేదు. మూడేళ్ళు గడిచేసరికి, కడుపులో చివరి నెలల్లోనో పుట్టిన మొదటి వారంలోనో పోయే బిడ్డలు ప్రతి 1000 కాన్పులకు 117 నుంచి 44 దాకా తగ్గారు.

చూస్తే చాలా పెద్ద సంగతి. కానీ లెక్కలు తెలిసినవాళ్ళు ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. పోయినేడు పాత వరి విత్తనం వేశారు, ఈ ఏడు కొత్తది వేశారు, దిగుబడి పెరిగింది. అది విత్తనం గొప్పా, ఈ ఏడు వాన బాగా పడిందా? ఒకే ఏడు, ఒకే చెరువు కింద, కొన్ని మళ్ళలో పాతది, కొన్ని మళ్ళలో కొత్తది వేస్తేనే తేలుతుంది. ఏ మడికి ఏది అన్నది కూడా మనకు నచ్చినట్టు కాకుండా చీటీలు వేసి తేల్చాలి. లేకపోతే మంచి మడిని కొత్త విత్తనానికి ఇచ్చేస్తాం. వార్మిలో ఆ చీటీలు లేవు.

చీటీలు వేసింది నేపాల్లో. ఖాట్మండుకు దక్షిణాన మక్వాన్‌పూర్ అనే జిల్లా ఉంది. సగం కొండలు, సగం మైదానం. నూటికి 90కి పైగా కాన్పులు ఇళ్ళలోనే. డాక్టర్ ధర్మ మానంధర్, ఆయనతో లండన్ నుంచి ఆంథొనీ కోస్టెల్లో కలిసి, 24 ప్రాంతాలను జంటలుగా చేసి, ప్రతి జంటలో ఒకచోట ఆడవాళ్ళ సంఘాలు పెట్టించారు, రెండోచోట పెట్టలేదు. రెండుచోట్లా ఆరోగ్య కేంద్రాలకు సామాను, శిక్షణ ఒకేలా ఇచ్చారు. తేడా అంతా మీటింగులోనే ఉండాలని.

మీటింగు నడిపేది ఎవరు? నర్సు కాదు, ఏఎన్‌ఎం కాదు. చదువుకున్న అక్కడి ఊరి ఆడమనిషి. ఆమెకు జీతమిచ్చి, కాన్పు, పసిబిడ్డ సంగతులు కొంత నేర్పి, తొమ్మిదేసి సంఘాలు ఆమె చేతికిచ్చారు. నెలకొకసారి ప్రతి సంఘం దగ్గరికీ పోయి కూర్చోవాలి. చెప్పడం ఆమె పని కాదు, అడగడం, మాట్లాడించడం ఆమె పని. నర్సును ఎందుకు పెట్టలేదంటే, నర్సు కూర్చుంటే అందరూ ఆమె మొహం చూసి ఆమెకు నచ్చే జవాబే చెప్తారు. ఈ మాట చదివినప్పుడు మేము నవ్వుకున్నాం. బ్యాంకు మేనేజరు గారు మీటింగుకు వచ్చిన రోజు మన సంఘాల్లో అప్పులన్నీ ఎంత సక్రమంగా ఉంటాయో మనకు తెలీదా!

ఆ సంఘాలు ఏం చేశాయి? ఒకచోట తల్లీబిడ్డల కోసం విడిగా డబ్బు కూడబెట్టారు. ఇంకోచోట నొప్పులు మొదలైన మనిషిని కొండ దించడానికి స్ట్రెచరు చేయించారు. శుభ్రమైన బ్లేడు, దారం, సబ్బు ఉండే కాన్పు కిట్లు తామే పంచుకున్నారు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితం వచ్చింది. సంఘాలు ఉన్నచోట 1000 మంది బిడ్డలు పుడితే మొదటి నెలలో పోయినవాళ్ళు 26 మంది. సంఘాలు లేనిచోట 37 మంది. తల్లుల్లో చూస్తే, సంఘాలు ఉన్నచోట ఇద్దరు, లేనిచోట 11 మంది పోయారు. అసలు ఈ పరిశోధన పెట్టింది తల్లుల మరణాల కోసం కాదు, ఆ అంకెలు చిన్నవి కాబట్టి వాటి మీద గట్టిగా ఏమీ చెప్పలేమని రాసినవాళ్ళే అన్నారు. అలా అనడం మాకు నచ్చింది. లెక్క చిన్నదైనప్పుడు చిన్నదనే చెప్పాలి కదా.

ఇక మన దేశానికి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాం.

జార్ఖండ్‌లో చక్రధర్‌పూర్ అనే రైల్వే ఊరు ఉంది. అక్కడ ప్రశాంత త్రిపాఠీ, నిర్మలా నాయర్ నడిపే ‘ఏక్‌జుట్’ అనే సంస్థ ఉంది. ఏక్‌జుట్ అంటే ఒక్కటై కూడడం. చుట్టూ హో, సంతాల్, ముండా, జువాంగ్ లాంటి ఆదివాసీ ఊళ్ళు. జార్ఖండ్‌లో పశ్చిమ సింగ్‌భూమ్, సరాయ్‌కేలా ఖర్సావాన్, ఒడిశాలో కేంఝర్, ఈ మూడు జిల్లాల్లో 36 ప్రాంతాలు తీసుకుని, చీటీలు వేసి 18 చోట్ల మీటింగులు పెట్టారు. 18 చోట్ల పెట్టలేదు. ఆరోగ్య కమిటీలు మాత్రం రెండు వైపులా వేశారు. 2005 జూలై ఆఖరు నుంచి మూడేళ్ళపాటు 19,000 పై చిలుకు కాన్పులను ఒక్కటీ వదలకుండా రాసుకున్నారు.

మీటింగులు పెట్టింది ఎవరితో? మొత్తం 244 సంఘాల్లో 172 అప్పటికే నడుస్తున్నవి. మనలాగ పొదుపు చేసుకునే సంఘాలే. కొత్తగా పెట్టినవి 72 మాత్రమే. అంటే పొదుపు పుస్తకం మూసి, అదే చాప మీద, అదే గుండ్రంగా కూర్చున్న ఆడవాళ్ళతో ఆ పక్కనే ఇంకో మీటింగు మొదలైంది. తేడా ఒక్కటే. ఈ మీటింగుకు సభ్యులే రావాలని లేదు. కడుపుతో ఉన్న పిల్ల రావచ్చు, అత్త రావచ్చు, మంత్రసాని రావచ్చు, తలుపు వారగా నిలబడి మగవాళ్ళు వినొచ్చు.

20 మీటింగులు ఒక చుట్టు. మొదటి కొన్నిట్లో బొమ్మల కార్డులు పరుస్తారు. రక్తం ఆగకుండా పోతున్న తల్లి, కాళ్ళూ మొహం ఉబ్బి ఫిట్స్ వచ్చిన తల్లి (మన పెద్దవాళ్ళు గుర్రపు వాతం అనేది ఇదే), నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, పుట్టగానే ఏడవని బిడ్డ, ఒళ్ళు చల్లబడ్డ బిడ్డ, బొడ్డు చీముపట్టిన బిడ్డ. అక్షరం రాకపోయినా బొమ్మ తెలుస్తుంది. మన ఊళ్ళో ఎక్కువగా జరుగుతున్నది ఏది అని ఓటు వేస్తారు. ఓటంటే కార్డు పక్కన గులకరాయి పెట్టడం. ఎక్కువ రాళ్ళు పడ్డ సమస్యను ముందు పట్టుకుంటారు.

ఆ తర్వాత కథ చెప్తారు. ఆ ప్రాంతంలో జరిగేలాంటి కథే. కథ అయ్యాక ‘కానీ ఎందుకు’ అనే ఆట. ఇలా సాగుతుంది. బిడ్డ ఎందుకు పోయింది? ఒళ్ళు చల్లబడి. ఎందుకు చల్లబడింది? పుట్టగానే తుడవకుండా నేల మీద వదిలేశారు. ఎందుకు వదిలేశారు? మాయ పడేదాకా బిడ్డను ముట్టుకోకూడదని. ఎందుకు ముట్టుకోకూడదు? అది మా ఆచారం. ఆ ఆచారం ఎందుకొచ్చింది? ఇక్కడికొచ్చేసరికి అందరూ ఒక్క నిమిషం ఆగుతారు. ఎవరో ఒక ముసలమ్మ, మాయ పడకపోతే తల్లి పోతుందన్న భయంతో అందరి చూపూ తల్లి మీదే ఉండేదని చెప్తుంది. మరి ఇద్దరు మనుషులుంటే ఒకరు తల్లినీ, ఒకరు బిడ్డనూ చూసుకోవచ్చు కదా అని ఇంకొకరంటారు. అంతే, ఒక పరిష్కారం దొరికింది. దాన్ని బయటినుంచి ఎవరూ తెచ్చివ్వలేదు. ‘మీ ఆచారం తప్పు’ అని ఎవరూ తిట్టలేదు.

ఈ చిన్న ఉదాహరణ మేము అల్లింది. కానీ ఆట నడిచే తీరు అదే. మన దగ్గర కూడా బిడ్డకు తేనె నాకించడం, ఆముదం చుక్క వేయడం, ముర్రుపాలు పిండి పారబోయడం ఎన్ని తరాలు నడిచాయో మన అత్తల్ని అడిగితే చెప్తారు. ‘తప్పు’ అని గోడ మీద రాస్తే ఆగలేదవి.

కథలూ ఆటలూ అయ్యాక ఊరు ఊరంతా పిలిచి పెద్ద సభ పెడతారు. సంఘం తేల్చిన సంగతులు అక్కడ చెప్పి, ఎవరేం చేస్తారో ఒప్పుకుంటారు. కాన్పు చేసేవాళ్ళు సబ్బుతో చేతులు కడగాలి. బొడ్డు కోసే బ్లేడు మరగబెట్టాలి. బిడ్డను వెంటనే తుడిచి చుట్టాలి. మొదటి గంటలో పాలు పట్టాలి. రాత్రిపూట నొప్పులొస్తే ఏ బండి, ఎవరి డబ్బు అన్నది ముందే మాట్లాడుకోవాలి. ఇందులో కొత్త మందు ఏదీ లేదు. కొత్త యంత్రం లేదు. ఎవరికీ నగదు బహుమతి ఇవ్వలేదు.

ఫలితం మొదటి ఏడు ఏమీ కనబడలేదు. మీటింగులు ఉన్నచోట 1000 మందికి దాదాపు 56 మంది, లేనిచోట 53 మంది బిడ్డలు నెల తిరక్కుండానే పోయారు. నిజం చెప్పాలంటే మీటింగులు ఉన్నచోటే కాస్త ఎక్కువ. డబ్బిచ్చేవాళ్ళు అక్కడే ఆపేసి ఉంటే ఈ కథ లేదు. రెండో ఏడు మీటింగులు ఉన్నచోట 37, లేనిచోట 60. మూడో ఏడు 36, 64. చివరి రెండేళ్ళూ కలిపి చూస్తే మీటింగుల వైపు బిడ్డల మరణాలు 45 శాతం తక్కువ. ఏడాదిపాటు కూర్చుని మాట్లాడుకున్న మాటలు ఇళ్ళలోకి పోయి పనులుగా మారడానికి ఆ మాత్రం టైం పట్టింది. మన సంఘాల్లో కూడా మొదటి ఏడాది ఏం మిగిలింది? నెలకు ముప్ఫై రూపాయల పొదుపు చూసి మగవాళ్ళు నవ్విన రోజులు మనం మర్చిపోలేదు.

ఇంకో రెండు సంగతులు తేలాయి. మూడో ఏడు వచ్చేసరికి బాలింతల్లో మధ్యస్థంగా ఉండే దిగులు జబ్బు 57 శాతం తక్కువగా కనబడింది. కాన్పు తర్వాత ఊరికే ఏడుపు రావడం, బిడ్డను చూడబుద్ధి కాకపోవడం, నిద్ర పట్టకపోవడం, వీటిని మనం ‘గాలి సోకింది’ అనో ‘పొగరు’ అనో అనేస్తాం. అక్కడ మీటింగులో దిగులు గురించి విడిగా పాఠమేమీ చెప్పలేదు. నెలకోసారి ఇల్లు దాటి వచ్చి నలుగురిలో కూర్చోవడమే ఎంతో కొంత పనిచేసి ఉంటుందని మా అనుమానం.

రెండోది మాకు ఇంకా ముఖ్యమనిపించింది. సాధారణంగా ఏ మంచి పథకం వచ్చినా ముందు అందుకునేది కాస్త కలిగినవాళ్ళే. రోడ్డు పక్క ఇల్లున్నవాళ్ళు, చదువొచ్చినవాళ్ళు. ఇక్కడ తిరగబడింది. అందరికన్నా నిరుపేద, చదువులేని, అడుగున ఉన్న ఇళ్ళలో బిడ్డల మరణాలు 59 శాతం తగ్గితే, మిగతా ఇళ్ళలో 36 శాతం తగ్గాయి. తర్వాత ఏక్‌జుట్ వాళ్ళు మీటింగులు పెట్టని ఆ 18 ప్రాంతాల్లో కూడా మీటింగులు పెట్టారు. అక్కడా మరణాలు తగ్గాయి.

ఇంతవరకే చెప్పి ఆపితే ఇదొక ప్రచార కరపత్రం అవుతుంది. ఓడిపోయిన చోటు కూడా చెప్పాలి.

2010లో ఏక్‌జుట్ ఫలితం అచ్చయిన అదే లాన్సెట్ సంచికలో, పక్క పేజీల్లోనే, బంగ్లాదేశ్ ఫలితం కూడా అచ్చయింది. అవే మీటింగులు, అవే బొమ్మలు, అదే ఆట. మరణాల్లో తేడా రాలేదు. రెండేళ్ళకు ముంబయి మురికివాడల్లో చేసిన పరిశోధన బయటికొచ్చింది. అక్కడా తేడా రాలేదు. అయితే మీటింగు మందు పనిచేస్తుందా, చేయదా?

బంగ్లాదేశ్ వాళ్ళు సిగ్గుపడి దాచిపెట్టుకోలేదు. కారణం వెతికారు. జార్ఖండ్‌లో 468 మంది జనానికి ఒక సంఘం. నేపాల్లో 756 మందికి ఒకటి. బంగ్లాదేశ్‌లో 1,414 మందికి ఒకటి! ఊరికి ఒక సంఘం ఉంటే, వచ్చి కూర్చునేది ఆ పాతికమందే. కడుపుతో ఉన్న పిల్లలు అందులో చాలా తక్కువ. మందు మంచిదే, కానీ జబ్బు మనిషి నోట్లో పడింది చుక్కే. అందుకని సంఘాలు పెంచారు. 309 మందికి ఒకటి చొప్పున పెట్టి, గర్భిణులను ఇంటికి పోయి పిలిచారు. 2013లో ఫలితం వచ్చింది. మరణాలు 38 శాతం తక్కువ. అవే జిల్లాలు, అదే మీటింగు.

అదే 2013లో బంగ్లాదేశ్, భారత్, మలావి, నేపాల్ దేశాల్లో చేసిన ఏడు పరిశోధనలనూ, మొత్తం 1,19,428 కాన్పులనూ ఒకచోట చేర్చి లెక్క కట్టారు. గెలిచినవీ ఓడినవీ కలిపి చూస్తే బిడ్డల మరణాలు 23 శాతం తక్కువ. గర్భిణుల్లో నూటికి కనీసం 30 మంది మీటింగుకు వచ్చినచోట్ల మాత్రమే చూస్తే 33 శాతం తక్కువ. ఆ తర్వాతి ఏడు, 2014లో, వైద్యం దూరంగా ఉన్న పల్లెల్లో ఇలాంటి ఆడవాళ్ళ సంఘాలు నడపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అయితే జీతమిచ్చి వేరే మనిషిని పెట్టడం అన్నిచోట్లా కుదరదు కదా. అందుకని జార్ఖండ్, ఒడిశాల్లోని ఐదు జిల్లాల్లో ఆశా కార్యకర్తలతోనే మీటింగులు నడిపించి చూశారు. 2016లో వచ్చిన ఫలితంలో మీటింగులు లేనిచోట 1000కి 44 మంది బిడ్డలు పోతే, ఉన్నచోట 30 మంది.

మన దగ్గర? తెలంగాణలో నాగర్‌కర్నూలు ప్రాంతంలో, అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లా కింద, ఉమ్మడి రాష్ట్రంలో ఉండగానే ఒక పెద్ద పరిశోధన మొదలైంది. నాలుగు వందలకు పైగా ఊళ్ళు. ఊళ్ళో ఆడవాళ్ళతో ఆరోగ్యం మీద మీటింగులు, దాంతోపాటు గర్భిణులకు ప్రైవేటు ఆసుపత్రుల్లో ఖర్చులేని వైద్యం, రెండూ కలిపి ఇచ్చారు. 2017లో ఫలితం వచ్చింది. పసిబిడ్డల మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. అందులో మీటింగు వాటా ఎంత, ఆసుపత్రి వాటా ఎంత అన్నది విడదీసి చెప్పలేం. రెండూ కలిసి దున్నిన పొలం అది. ఎడమ ఎద్దు ఎంత లాగిందో, కుడి ఎద్దు ఎంత లాగిందో ఎవరు చెప్తారు?

ఇప్పుడు మన సంగతి. మన రెండు రాష్ట్రాల్లోనూ కాన్పులు ఇంట్లో జరగడం దాదాపు పోయింది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి 96 మందికి పైగా ఆసుపత్రిలోనే కంటున్నారు. కాబట్టి జార్ఖండ్ బొమ్మల కార్డులు తెచ్చి ఇక్కడ పరిస్తే సగం కార్డులు మనకు అతకవు. మన కార్డులు వేరే ఉన్నాయి. అదే సర్వేలో మన గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తం తక్కువ. తెలంగాణలో నూటికి 60 మందికి, ఆంధ్రలో 42 మందికి ఆపరేషన్ కాన్పు. అవసరమైన ఆపరేషను ప్రాణం కాపాడుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఇంతమందికీ అవసరమేనా? ఇక్కడ ‘కానీ ఎందుకు’ ఆట ఆడితే ఎక్కడికి పోతామో! ముహూర్తం పెట్టించింది ఎవరు, నొప్పులకు భయపడింది ఎవరు, ఆగమని చెప్పడానికి తీరిక లేనిది ఎవరు, డబ్బు ఎవరికి పోయింది. ఆసుపత్రి వైపు వేలు చూపించడం తేలిక. ఆ ఆటలో వేలు మన ఇంటి వైపు కూడా తిరుగుతుంది.

మొదట్లో చెప్పిన మినిట్స్ పుస్తకాల దగ్గరికి వస్తే, మేము మూడు గ్రామ సంఘాల పుస్తకాలు మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేశాం. కాన్పు అన్న మాట రెండు రకాలుగానే కనబడింది. ఒకటి, ‘కూతురి ఆపరేషన్ కాన్పు ఖర్చుకు అప్పు మంజూరు’. రెండోది, ‘కోడలి శ్రీమంతానికి అప్పు మంజూరు’. డబ్బు అవసరమైనప్పుడు గర్భిణి మన పుస్తకంలోకి వచ్చింది. మనిషిగా మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదని మాలో మేమే ఆ ఆట ఆడి చూశాం. మన సంఘాల్లో ఇంటికొకరు సభ్యులు. ఆ ఒక్కరూ ఎక్కువగా అత్తే. కోడలు ఇంటి దగ్గర పొయ్యి చూసుకుంటుంది. కోడలు సభ్యురాలు కావాలంటే వయసు, ఆధార్, ఖాతా, రేషన్ కార్డులో పేరు ఇవన్నీ కావాలి. పెళ్ళయి ఏడాది కూడా కాని పిల్లకు అవన్నీ ఇంకా పుట్టింటి ఊరి అడ్రసు మీదే ఉంటాయి. సరే, ఇక్కడ సభ్యురాలు కాదు. ఏడో నెలో తొమ్మిదో నెలో రాగానే పురిటికి పుట్టింటికి పోతుంది. అక్కడి సంఘంలో? అక్కడ వాళ్ళమ్మ సభ్యురాలు. పెళ్ళి చేసి పంపిన పిల్ల కాబట్టి అక్కడి పుస్తకంలోనూ ఆమె పేరు లేదు. అక్కడి ఆశా చెల్లెలికి ఆమె వచ్చిన సంగతి పది రోజులకు గానీ తెలీదు. ఇక్కడి ఆశా చెల్లెలు ఆమె పోయిందని కార్డు పక్కన పెట్టేస్తుంది. కాన్పుకు ముందు రెండు నెలలు, తర్వాత మూడు నెలలు, అంటే తల్లికీ బిడ్డకీ అన్నిటికన్నా గండంగా ఉండే ఆ ఐదు నెలలూ ఆమె రెండు సంఘాల మధ్య, రెండు ఊళ్ళ మధ్య, ఎవరి పుస్తకంలోనూ లేకుండా ఉంటుంది.

నూటికి 30 మంది గర్భిణులు రావాలన్న ఆ లెక్క ముందు మనం నిలబడితే ఎంత వస్తుందో మేము రాయదలచుకోలేదు. మీ మీ సంఘం హాజరు పట్టీ మీ దగ్గరే ఉంది. పోయిన నెల మీటింగులో కూర్చున్నవాళ్ళలో కడుపుతో ఉన్నవాళ్ళు ఎందరో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు.

మండల సమాఖ్య కార్యవర్గంలో దీని మీద రెండుసార్లు మాటలయ్యాయి. ఒకరన్నారు, సభ్యత్వం లేనివాళ్ళను కూర్చోబెడితే రేపు అప్పు అడుగుతారని. ఇంకొకరన్నారు, అప్పు అడిగితే అడగనీ, అది వేరే సంగతి, పొదుపు అయ్యాక ఒక అరగంట అందరికీ తలుపు తీద్దామని. పుట్టింటికి వచ్చిన పిల్ల సంగతి ఎవరు ఎవరికి చెప్పాలన్న దగ్గర గట్టిగానే వాదన జరిగింది. పంపే ఊరి సంఘం, చేరే ఊరి సంఘానికి ఫోను చేయాలని కొందరు. కన్నతల్లి అక్కడ సభ్యురాలే కాబట్టి ఆమే తన మీటింగులో చెప్పి కూతుర్ని వెంటబెట్టుకు రావాలని కొందరు. ఇంకా తేలలేదు. వచ్చే నెల గ్రామ సంఘాల మీటింగుల్లో ఈ ప్రశ్న పెడుతున్నాం. ‘ఇతర అంశాలు’లో కాదు. హాజరు అయిన వెంటనే, పొదుపు వసూలుకన్నా ముందు.